రెండు ప్రపంచ యుద్ధాల నడుమ వైమానిక అధికారి: సుబ్రతో ముఖర్జీ తరం, హైదరాబాద్ అనుబంధం

మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరులో ముగిసింది, రెండోది 1939 సెప్టెంబరులో మొదలైంది. ఈ మధ్యకాలంలో యుద్ధ విమానం నడపడం సాహసికుల పని స్థాయిని దాటి, ఎంపిక, శిక్షణ, హోదాలు, బదిలీలు ఉన్న ఒక స్థిరమైన కొలువుగా రూపుకట్టింది. భారతీయులకు మాత్రం ఆ కొలువు తలుపు 1930 దాకా తెరుచుకోలేదు. తెరుచుకున్నాక లోపలికి వెళ్ళిన మొదటి ఆరుగురిలో ఒకరు సుబ్రతో ముఖర్జీ (1911–1960). తర్వాతి కాలంలో భారత వైమానిక దళానికి తొలి భారతీయ అధిపతి అయిన ఈయన, యుద్ధాల మధ్య ఏళ్ళలోనే కేడెట్ నుంచి స్క్వాడ్రన్ నాయకుడి దాకా ఎదిగాడు. ఆ తరం అధికారి ఉద్యోగ జీవితం ఎలా సాగిందో తెలుసుకోవడానికి ఈయన జీవితం కన్నా మంచి ఆధారం దొరకదు.

ముఖర్జీ బెంగాలీ. పుట్టింది కలకత్తాలో, ఉద్యోగం చేసింది కరాచీలోనూ వాయవ్య సరిహద్దులోనూ. అయినా ఈ చరిత్రలో హైదరాబాద్‌కు రెండు చోట్ల గట్టి పాత్ర ఉంది. ఈ కొలువు తలుపు భారతీయులకు తెరుచుకోకముందే హైదరాబాద్ సొమ్ముతో కొన్న విమానాలు యూరప్ మీద ఎగిరాయి. ముఖర్జీ తరం నిలబెట్టిన వృత్తికి తర్వాతి కాలంలో ప్రధాన శిక్షణ కేంద్రం వెలసింది కూడా హైదరాబాద్ చుట్టుపక్కలే.

నిజాం కానుక: 110వ స్క్వాడ్రన్

1917 నవంబరు 1న ఇంగ్లండులోని రెండ్‌కోంబ్‌లో బ్రిటిష్ వైమానిక దళానికి చెందిన 110వ స్క్వాడ్రన్ ఏర్పడింది. దానికి విమానాలు సమకూర్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. అందుకే దాని పేరుకు 'హైదరాబాద్' చేరింది. ఆ విమానాలు డీహెచ్-9ఎ రకం పగటి బాంబర్లు. ఇద్దరు కూర్చునే రెండు జతల రెక్కల విమానాలవి. ఒక్కొక్క దాని మీద అది నిజాం ఇచ్చిన కానుక అని రాసి, 'హైదరాబాద్' పేరుతో వరుస సంఖ్య వేశారు. ఈ రకం విమానంతో ఫ్రాన్సుకు వెళ్ళిన మొదటి దళం ఇదే. 1918 సెప్టెంబరు నుంచి యుద్ధం ముగిసేదాకా జర్మనీ పట్టణాల మీదికి పగటిపూటే దూరప్రయాణపు దాడులు చేసింది. రక్షణగా వెంట వచ్చే ఫైటర్లు లేవు. ఆ కొద్ది వారాల్లోనే శత్రువు చేతిలో 17 విమానాలు పోయాయి. ప్రమాదాల్లో పోయినవి అంతకంటే ఎక్కువ.

వాటిలో ఒకటి ఇప్పటికీ ఉంది. ఎఫ్-1010 అనే ఈ విమానం మీద 'హైదరాబాద్ నంబర్ 12ఎ' అని ఉంటుంది. 1918 అక్టోబరులో దాడికి వెళ్ళినప్పుడు జర్మన్ల చేతికి చిక్కింది. వాళ్ళు దాన్ని బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు. రెండో యుద్ధకాలంలో పోలండ్ చేరి, అక్కడ క్రాకోలో చాలాకాలం ఉండి, 1977లో లండన్‌లోని హెండన్ రాయల్ ఎయిర్ ఫోర్స్ (ఆర్‌ఏఎఫ్) మ్యూజియానికి వచ్చింది. లండన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళు ఒకసారి వెళ్ళి చూడదగిన వస్తువు ఇది. చార్మినార్ నీడన వసూలైన రాబడి అంత దూరాన చెక్కగా, గుడ్డగా, ఇంజనుగా మారి నిలబడి ఉంది.

డబ్బు ఇచ్చింది హైదరాబాదే అయినా విమానం నడిపినవాళ్ళంతా తెల్లజాతి యువకులే. యుద్ధం తీవ్రంగా ఉన్న రోజుల్లో నలుగురైదుగురు భారతీయులకు తాత్కాలిక కమిషన్లు దొరకకపోలేదు. వాళ్ళలో ఇంద్రలాల్ రాయ్ 1918 జూలైలో రెండు వారాల లోపే పది వైమానిక విజయాలు సాధించి, అదే నెల 22న పంతొమ్మిదేళ్ళ వయసులో చనిపోయాడు. హర్దిత్ సింగ్ మాలిక్ గాయాలతో బతికి బయటపడి, తర్వాత ఐసీఎస్‌లో చేరాడు. యుద్ధం ముగియగానే ఆ తాత్కాలిక దారి కూడా మూసుకుపోయింది. పది విజయాలు సాధించిన జాతికి వైమానిక ప్రతిభ లేదని అనడం ఎవరికైనా కష్టమే. అందుకే ఆ మాట అనకుండానే నిబంధనల్లో చోటు లేకుండా చేశారు.

కొలువు రూపు

1918 ఏప్రిల్ 1న పుట్టిన రాయల్ ఎయిర్ ఫోర్స్‌కు సైన్యం, నౌకాదళం రెండూ సవతి పోరు పెట్టాయి. దాన్ని విడదీసి తమలో కలుపుకోవాలని ఇద్దరూ చూశారు. దాని అధిపతి హ్యూ ట్రెంచర్డ్ రెండు పనులు చేసి దళాన్ని నిలబెట్టాడు. మొదటిది, అధికారులకు సొంత వ్యవస్థ ఏర్పాటు చేయడం. 1919లో పైలట్ ఆఫీసర్, ఫ్లయింగ్ ఆఫీసర్, ఫ్లైట్ లెఫ్టినెంట్, స్క్వాడ్రన్ లీడర్, వింగ్ కమాండర్ అనే మెట్లు వచ్చాయి. 1920 ఫిబ్రవరిలో క్రాన్‌వెల్‌లో కేడెట్ కళాశాల మొదలైంది. అక్కడ రెండేళ్ళు చదివి బయటికి వచ్చినవాళ్ళకు శాశ్వత కమిషన్. మిగతా ఖాళీలను కొన్నేళ్ళ ఒప్పందం మీద తీసుకున్న పైలట్లతో నింపేవారు. జెట్ ఇంజను సృష్టికర్త ఫ్రాంక్ విటిల్ 1928లో క్రాన్‌వెల్ నుంచే బయటికి వచ్చాడు. కాళ్ళు పోయినా బ్రిటన్ యుద్ధంలో పోరాడిన డగ్లస్ బేడర్ 1930లో పట్టా పుచ్చుకున్నాడు.

రెండో పని మీద నైతికంగా ఎన్నో ప్రశ్నలు మిగిలాయి. సామ్రాజ్యపు అంచుల్లో తిరుగుబాట్లను అణచడానికి పదాతి దళాలకన్నా విమానాలు చౌక అని ట్రెంచర్డ్ ప్రభుత్వాన్ని ఒప్పించాడు. 1922 నుంచి ఇరాక్‌లో శాంతిభద్రతల బాధ్యత ఎక్కువగా విమాన దళానిదే. 1925 వసంతంలో దక్షిణ వజీరిస్తాన్‌లో వింగ్ కమాండర్ రిచర్డ్ పింక్ పూర్తిగా విమానాలతోనే ఒక దండయాత్ర నడిపాడు. దానికి ఆయన పేరే స్థిరపడింది. ఆ కాలపు బ్రిటిష్ వైమానిక అధికారి ఉద్యోగంలో విదేశీ పోస్టింగ్ అంటే ఎక్కువగా ఈజిప్టు, ఇరాక్, పెషావర్, కోహాట్‌లే. అన్నీ బాంబుల పనులే కాదు. 1928 డిసెంబరు నుంచి 1929 ఫిబ్రవరి దాకా చలికాలపు మంచుకొండల మీదుగా ఎగిరి, అంతర్యుద్ధంలో చిక్కుకున్న కాబూల్ నుంచి 586 మందిని విమానాల్లో బయటికి తెచ్చారు. చరిత్రలో ఆ స్థాయిలో జరిగిన మొదటి వైమానిక తరలింపు అది.

ఈ కొలువులోకి భారతీయులను తీసుకోవాలన్న ఒత్తిడి శాసనసభ నుంచి వచ్చింది. 1925లో సర్ ఆండ్రూ స్కీన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీలో మోతీలాల్ నెహ్రూ, మహమ్మద్ అలీ జిన్నాలతో పాటు ఏలూరుకు చెందిన దివాన్ బహదూర్ మోచర్ల రామచంద్రరావు పంతులు సభ్యుడు. మోతీలాల్ మధ్యలోనే తప్పుకున్నాడు. అధికారి హోదాకు ద్వారాలు మూసిన విభాగాల్లోకి, వైమానిక విభాగంలోకి సహా, భారతీయులను రానివ్వాలని కమిటీ సిఫారసు చేసింది. భారత వైమానిక దళ చరిత్రలో తొలి తెలుగు సంతకం ఈ ఏలూరు ప్లీడరుదే. తెలుగునాట ఆయనను జిల్లా రాజకీయాలకు, గ్రంథాలయాలకు గుర్తుపెట్టుకున్నంతగా ఈ పనికి గుర్తుపెట్టుకోకపోవడం లోటే.

క్రాన్‌వెల్‌లో ఆరుగురు

ముఖర్జీ 1911 మార్చి 5న పుట్టాడు. తండ్రి సతీశ్ చంద్ర ఐసీఎస్ అధికారి, తల్లి చారులత సంఘసేవకురాలు. తర్వాత పార్లమెంటు సభ్యురాలైన రేణుకా రాయ్ ఆయన అక్క. ఇంద్రలాల్ రాయ్ వరుసకు మేనమామ. మేనమామ యుద్ధంలో చనిపోయేనాటికి కుర్రవాడికి ఏడేళ్ళు. ఇంట్లో ఆ పేరు వింటూ పెరిగినవాడు విమానాల వైపు చూడడంలో వింత లేదు. కలకత్తాలోనూ జిల్లా బడుల్లోనూ చదివి, ఇంగ్లండు వెళ్ళి, క్రాన్‌వెల్ ప్రవేశానికి ఎంపికయ్యాడు.

1930లో మొదటి జట్టుగా వెళ్ళినవాళ్ళు ఆరుగురు: హరీశ్ చంద్ర సర్కార్, సుబ్రతో ముఖర్జీ, భూపేంద్ర సింగ్, ఐజాద్ బక్ష్ అవాన్, అమర్‌జీత్ సింగ్, జె.ఎన్. టాండన్. వీళ్ళలో టాండన్ పొడవు పైలట్ కొలతకు చాలలేదు. ఆయనను సామగ్రి విభాగానికి మార్చారు. దళం పుట్టేనాటికి పైలట్లు ఐదుగురే మిగిలారు. రెండేళ్ళ చదువు ముగిశాక 1932 అక్టోబరు 8న వీళ్ళకు కమిషన్ వచ్చింది. భారత వైమానిక దళం అధికారికంగా పుట్టిన రోజు అదే. ఏటా అక్టోబరు 8న వైమానిక దళ దినోత్సవం జరుపుకునేది అందుకే.

సరిగ్గా వారం తర్వాత, అక్టోబరు 15న, జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి ఉత్తరాల సంచులతో చిన్న పస్ మాత్ విమానం నడిపాడు. బొంబాయి నుంచి బళ్ళారి మీదుగా మద్రాసుకు అదే టపాను తీసుకువెళ్ళింది నెవిల్ విన్సెంట్. ఈయన పాత ఆర్‌ఏఎఫ్ అధికారి. పశ్చిమాసియాలో పనిచేసి శౌర్య పతకం పొంది, కొలువు విడిచి, 1929లో భారతదేశం వచ్చి ఊరూరా విమానం ఎక్కించి జనానికి చూపించాడు. టాటా వారి విమాన సర్వీసు ఆలోచన ఈయనదే. యుద్ధాల మధ్య దళాన్ని విడిచిన అధికారులకు ఉన్న రెండో దారి ఇది. కొత్తగా పుడుతున్న పౌర విమానయానమే అప్పట్లో వాళ్ళకు ఆసరా.

వాపిటి: అరువు రెక్కలు

1933 ఏప్రిల్ 1న కరాచీ శివారు డ్రిగ్ రోడ్ విమాన క్షేత్రంలో 1వ స్క్వాడ్రన్‌లో ఒక భాగంగా 'ఎ' ఫ్లైట్ ఏర్పడింది. నాలుగు వాపిటి విమానాలు, కొద్దిమంది అధికారులు, హవాయి సిపాయిలు అనే నేల సిబ్బంది పందొమ్మిది మంది. అప్పటి భారత వైమానిక దళమంతా అంతే. నాయకుడు ఫ్లైట్ లెఫ్టినెంట్ సెసిల్ బౌచియర్ అనే ఆర్‌ఏఎఫ్ అధికారి. తన కింది భారతీయుల సామర్థ్యాన్ని నమ్మిన కొద్దిమందిలో ఆయన ఒకడు. తర్వాత బ్రిటన్ యుద్ధంలో హార్న్‌చర్చ్ స్థావరాన్ని నడిపింది ఈయనే.

హవాయి సిపాయిలను ఎక్కువగా రైల్వే వర్క్‌షాపుల నుంచి తెచ్చారు. లాహోర్ మెక్లాగన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివిన హర్జీందర్ సింగ్ లాంటివాళ్ళు అధికారి పదవి దొరకదని తెలిసీ సిపాయిలుగానే చేరారు. ఆయన తర్వాత ఎయిర్ వైస్ మార్షల్ దాకా వెళ్ళాడు. విమానాన్ని నమ్మి అధికారి ఎగరాలంటే కింద ఉన్న ఈ మనిషి చేతి మీద నమ్మకం ఉండాలి. ముఖర్జీ, హర్జీందర్‌ల మధ్య ఆ నమ్మకం దళానికి వెన్నెముక అయింది.

వాపిటి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. యుద్ధం ముగిశాక బ్రిటిష్ గిడ్డంగుల్లో డీహెచ్-9ఎ విడిభాగాలు గుట్టలుగా మిగిలాయి. వాటిని వాడుకుంటూ కొత్త విమానం చేయమని వైమానిక శాఖ అడిగింది. డీహెచ్-9ఎ రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించిన యోవిల్‌లోని వెస్ట్‌లాండ్ కంపెనీయే ఈ పనీ చేపట్టింది. పాత విమానం రెక్కలు, తోక చాలావరకు అలాగే ఉంచి, వెడల్పు పెంచిన కొత్త ఒళ్ళు, గాలితో చల్లబడే బ్రిస్టల్ జుపిటర్ ఇంజను అమర్చారు. 1927లో మొదటిసారి ఎగిరింది. నిజాం కానుకగా ఇచ్చిన రకం విమానం, పదిహేనేళ్ళు తిరిగాక, వాపిటి రూపంలో భారతీయ అధికారుల చేతికి వచ్చిందన్నమాట. అప్పటికి అది పాతబడిపోయిన నమూనా. ఇంగ్లండులో అదే ఏళ్ళలో ఒంటి రెక్కల లోహ విమానాల నమూనాలు తయారవుతున్నాయి.

పైలట్ ముందు, తుపాకీ మనిషి వెనక, ఇద్దరూ పైకప్పు లేని గుంతల్లో కూర్చునేవారు. ముందు వైపు ప్రొపెల్లర్ సందుల్లోంచి కాల్చే వికర్స్ తుపాకీ, వెనక తిప్పుకునే లూయిస్ తుపాకీ ఉండేవి. గంటకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు వేగం. సైనిక సహకారపు పనిలో కింద ఉన్న దళంతో మాట్లాడడానికి చాలాసార్లు రేడియో ఉండేది కాదు. నేల మీద తెల్ల గుడ్డ పలకలను నిర్ణీత ఆకారంలో పరిచి సందేశం చెప్పేవారు. రెండు గెడల మధ్య కట్టిన తాడుకు చీటీ వేలాడదీస్తే, పైలట్ దాదాపు నేల తగిలేంత కిందికి వచ్చి, విమానం అడుగున ఉన్న కొక్కేన్ని ఆ తాడుకు తగిలించి చీటీ అందుకుని పైకి లేచేవాడు. రెండు మూడు నిలువుల ఎత్తు మించితే చీటీ దొరకదు, తగ్గితే ప్రాణం దక్కదు. కళాశాలలో పాస్ అయినవాడికి అసలు పరీక్ష అక్కడ మొదలయ్యేది.

ఆ పరీక్ష క్రూరమైంది. 1933లోనే భూపేంద్ర సింగ్, అమర్‌జీత్ సింగ్ విమాన ప్రమాదంలో మరణించారు. దళానికి అదే మొదటి ప్రాణనష్టం. ఐదుగురు పైలట్లలో ఇద్దరు పోవడం ఎంత దెబ్బో ఊహించుకోవచ్చు. సర్కార్ మరో ప్రమాదం తర్వాత కొలువు నుంచి తప్పుకోవలసి వచ్చింది. క్రాన్‌వెల్ నుంచి వచ్చిన తర్వాతి జట్లే దళాన్ని నిలిపాయి: 1930లో ఇంగ్లండు, భారతదేశాల మధ్య ఒంటరిగా ఎగిరి ఆగాఖాన్ బహుమతి గెలిచిన ఆస్పీ ఇంజనీర్, 'జంబో'గా పేరుపొందిన కరుణ్ కృష్ణ మజుందార్, మెహర్ సింగ్. ఇంజనీర్ తర్వాత ముఖర్జీ వారసుడిగా దళాధిపతి అయ్యాడు. రెండో యుద్ధకాలంలో డీఎస్‌ఓ పతకం పొందిన ఏకైక భారతీయ వైమానికుడు మెహర్ సింగ్.

మిరంషా

ఏర్పడిన మూడేళ్ళకు దళాన్ని సరిహద్దుకు పంపారు. ఉత్తర వజీరిస్తాన్‌లో హాజీ మీర్జా అలీఖాన్, ఇపీ ఫకీర్‌గా పేరుపొందిన నాయకుడు, 1936 నుంచి బ్రిటిష్ అధికారం మీద తిరగబడ్డాడు. 1937లో భారత ఫ్లైట్ మిరంషా కోట నుంచి పనిచేసింది. రైఫిళ్ళు పేలే కొండల నడుమ, ఎత్తైన గోడల వెనక ఉన్న ఒంటరి స్థావరమది. లారెన్స్ ఆఫ్ అరేబియాగా ప్రపంచమెరిగిన టి.ఇ. లారెన్స్ 1927లో డ్రిగ్ రోడ్‌లోనూ, 1928లో మిరంషాలోనూ మారుపేరుతో మామూలు వైమానిక సిబ్బందిగా కొంతకాలం గడిపాడు. ముఖర్జీ తరం నడిచిన తోవలోనే ఆయనా నడిచాడు.

ఉదయాన్నే గస్తీకి బయల్దేరేవాళ్ళు ఊళ్ళ మీదుగా, లోయల్లోని కదలికల మీద కన్నేసి ఎగిరేవారు. కొండ మీద ఉన్న పిడికెడు కాపలా సైనికులు చిక్కుల్లో పడితే, వాళ్ళు పరచిన గుడ్డ పలకను చూసి సాయానికి పోయేవారు. ఒక ఊరి మీద బాంబులు వేయాలంటే ముందుగా కరపత్రాలు జారవిడిచి ఖాళీ చేయమని హెచ్చరించేవారు. తర్వాత ఇళ్ళు, పంటలు, పశువులే గురి. కిందపడిన పైలట్‌ను ప్రాణాలతో తెచ్చి ఇస్తే బహుమతి ఇస్తామని స్థానిక భాషల్లో రాసిన చీటీ ఒకటి జేబులో పెట్టుకుని ఎగిరేవారు.

ఈ పనిని ఎలా చూడాలి అన్నది తప్పించుకోలేని ప్రశ్న. హెచ్చరిక ఇచ్చినంత మాత్రాన ఇల్లు కూల్చడం మానవత్వం అయిపోదు. ఆ గుడిసెల్లో ఉన్నవాళ్ళూ పరాయి పాలనను ఎదిరిస్తున్నవాళ్ళే. ఆ పాలన కోసమే విమానం ఎక్కిన భారతీయ అధికారి స్థితి నిజంగా బాధాకరమైంది. పని మానేస్తే భారతీయులు పనికిరారన్న మాటకు సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. చేస్తే తన దేశస్థుల మీదే బాంబులు వేసినట్టవుతుంది. వాళ్ళు పని నేర్చుకోవడాన్నే ఎంచుకున్నారు. ఆ నేర్పే పదేళ్ళలో బర్మా అడవుల మీద జపానుకు ఎదురు నిలిచింది, ఇరవై ఏళ్ళు తిరక్కముందే స్వతంత్ర దేశానికి రక్షణ అయింది. వజీరిస్తాన్ గ్రామాల గాయాన్ని ఆ తర్వాతి గౌరవం మాత్రం మాన్పదు. ఈ రెండు విషయాలనూ పక్కపక్కనే చెప్పుకోవాలి.

హోదా, అధికారం

భారత వైమానిక దళ అధికారి తన హోదా చెలాయించగలిగింది తన దళంలోని భారతీయుల మీదే. పక్కనే ఉన్న ఆర్‌ఏఎఫ్ బ్రిటిష్ సిబ్బంది మీద ఆ హోదా చెల్లదు. ఒకే మైదానం నుంచి ఎగిరే ఇద్దరు పైలట్లలో ఒకరి మాట అందరికీ చెల్లేది, రెండో వాడి మాట సగం మందికే. భారత ఫ్లైట్లకు నాయకత్వం కూడా మొదట ఆర్‌ఏఎఫ్ నుంచి వచ్చినవాళ్ళదే.

1936లో 'బి' ఫ్లైట్, 1938లో 'సి' ఫ్లైట్ చేరాకే స్క్వాడ్రన్ మొదటిసారి నిండింది. నాయకత్వ స్థానాలకు భారతీయుల అవసరం అప్పుడు తప్పనిసరి అయింది. ఫ్లైట్‌ను నడిపిన మొదటి భారతీయుడు ముఖర్జీ. 1939 ఫిబ్రవరిలో ఫ్లైట్ లెఫ్టినెంట్ అయ్యాడు. ఆ ఏడాదే మార్చి 16న స్క్వాడ్రన్ పగ్గాలు ఆయనకు అప్పగించారు. స్క్వాడ్రన్‌ను నడిపిన మొదటి భారతీయుడూ ఆయనే. కమిషన్ వచ్చి అప్పటికి ఆరున్నరేళ్ళు, వయసు ఇరవై ఎనిమిది. కొద్ది నెలలకు వాపిటిల స్థానంలో హార్ట్ రకం విమానాలు రావడం మొదలైంది. అవీ రెండు జతల రెక్కలవే. ఆ ఏడాదే శారదా పండిత్‌తో ఆయన పెళ్ళి జరిగింది.

యుద్ధం వచ్చేనాటికి భారత వైమానిక దళం మొత్తంలో పట్టుమని ఇరవై మంది అధికారులు లేరు. ఒక్క స్క్వాడ్రన్ తప్ప రెండోది లేదు. ఏడేళ్ళ ఎదుగుదల అంతే. ఇది భారతీయుల చేతకానితనం అని అప్పట్లో చెప్పినవాళ్ళు ఉన్నారు. దళాన్ని ఎదగనిస్తే ఏమవుతుందో ఆ తర్వాత ఆరేళ్ళలో తేలింది.

హైదరాబాద్ ఆకాశం

ఈ కాలంలో హైదరాబాద్ సంస్థానానికి సొంత వైమానిక దళం లేదు. కానీ విమానం మీద మక్కువ ఉంది. 1930లలో నిజాం ప్రభుత్వం ఆదరణతో స్టేట్ ఏరో క్లబ్ నడిచింది, బేగంపేట మైదానం విమానాశ్రయంగా రూపుదిద్దుకుంది. ఈనాడు హైటెక్ సిటీ, మాదాపూర్, కొండాపూర్ అంటున్న చోట అప్పుడు రాళ్ళగుట్టలు, చెరువులు, చిన్న పల్లెలు. విమానం చప్పుడు వినాలంటే బేగంపేట వైపు రావలసిందే.

ఇంగ్లండులో మూసేసిన 110వ హైదరాబాద్ స్క్వాడ్రన్‌ను 1937 మేలో వాడింగ్టన్‌లో తిరిగి ఏర్పాటు చేశారు. 1938లో బ్లెన్‌హైమ్ బాంబర్లు వచ్చాయి. 1939 సెప్టెంబరు 4న, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మరునాడు, ఫ్లైట్ లెఫ్టినెంట్ కెన్నెత్ డోరన్ నాయకత్వంలో ఈ దళం విల్‌హెల్మ్స్‌హావెన్ దగ్గర జర్మన్ నౌకల మీద దాడి చేసింది. రెండో యుద్ధంలో బ్రిటిష్ బాంబర్ల తొలి దాడుల్లో అది ఒకటి. వదిలిన బాంబుల్లో కొన్ని అడ్మిరల్ షీర్ యుద్ధనౌక మీద పడి పేలకుండా ఎగిరిపోయాయి. అదే ఏడాది చివర మరో రెండు దళాలు, 152, 253 స్క్వాడ్రన్లు, హైదరాబాద్ పేరుతో మొదలయ్యాయి. 152వ దళం ముద్ర మీద నిజాం తలపాగా ఉంటుంది. బ్రిటిష్ ప్రభుత్వానికి 'విశ్వాసపాత్రుడైన మిత్రుడు' అన్న నిజాం బిరుదే ఆ దళం నినాదం.

రెండో యుద్ధకాలంలో పరిస్థితి తలకిందులైంది. హైదరాబాద్ డబ్బుతో పాటు హైదరాబాద్ మనుషులు కూడా విమానం ఎక్కారు. బేగంపేటలో ప్రాథమిక వైమానిక శిక్షణ పాఠశాల పెట్టి, టైగర్ మాత్ విమానాల మీద వందలాది యువకులకు ఎగరడం నేర్పారు. నిజాం కాలేజీలో చదివిన ఇద్రీస్ హసన్ లతీఫ్, 1923లో హైదరాబాద్‌లో పుట్టినవాడు, 1942లో కమిషన్ పొందాడు. తొలి పోస్టింగ్ కరాచీ తీర రక్షణ ఫ్లైట్‌లో. అక్కడ ఆయన అరేబియా సముద్రం మీద జలాంతర్గాముల కోసం వెతికింది పాత వాపిటిల మీదే. విశాఖపట్నంలోనూ ఇలాంటి తీర రక్షణ ఫ్లైట్ ఉండేది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు తెలుగు తీరం ఆ పాత విమానాల కాపలాలోనే ఉంది. లతీఫ్ 1978 నుంచి 1981 దాకా వైమానిక దళాధిపతిగా పనిచేసి, 2018లో హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు.

తర్వాతి ఏళ్ళు

ముఖర్జీ 1943లో కోహాట్ స్థావరాన్ని నడిపాడు. స్థావరం మొత్తానికి అధికారి అయిన మొదటి భారతీయుడు ఆయనే. 1954 ఏప్రిల్ 1న వైమానిక దళ పగ్గాలు చేపట్టాడు. దళం బ్రిటిష్ అధిపతుల చేతుల్లోంచి భారతీయుడి చేతికి వచ్చింది ఆనాడే. 1960 నవంబరు 8న టోక్యోలో భోజనం చేస్తుండగా ఆహారం గొంతుకు అడ్డుపడి, నలభై తొమ్మిదేళ్ళకే చనిపోయాడు. ఆయన భార్య శారదా ముఖర్జీ పార్లమెంటు సభ్యురాలై, 1977 మేలో ఆంధ్రప్రదేశ్ తొలి మహిళా గవర్నరుగా హైదరాబాద్ రాజ్‌భవన్‌కు వచ్చారు. దివిసీమను ఉప్పెన ముంచెత్తిన 1977 నవంబరులో ఆమే గవర్నరు. 1978 ఆగస్టు దాకా ఆ పదవిలో ఉన్నారు.

భారత వైమానిక అధికారుల తొలి శిక్షణ ఇప్పుడు హైదరాబాద్ శివారు దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలో జరుగుతోంది. 1971 నుంచి ఈ పని నడుస్తోంది. ఇక్కడే 2016 జూన్‌లో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశపు మొదటి మహిళా ఫైటర్ పైలట్లుగా కమిషన్ పొందారు.   దుండిగల్‌లో కమిషన్ పొందే కేడెట్ నేరుగా ఫ్లయింగ్ ఆఫీసర్ అవుతాడు. 1932లో ముఖర్జీ, ఆయన సహచరులు ఎక్కిన మొదటి మెట్టు, పైలట్ ఆఫీసర్ హోదా, ఇప్పుడు వాడుకలో లేదు.